ఏడో గట్టు మాయల పుస్తకం

భాద్రపద శుద్ధ నవమి

మాయ నంబరు 212. మూడు వందల డెబ్భై గ్రాములు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందలు. నెలలు నిండకుండా పుట్టింది.

ఈ పుస్తకంలో ఇంతవరకూ కాన్పులో బిడ్డ వెనక పడే ఒక్కో మాయకి ఒక్క వరసే రాస్తూ వచ్చాను. ఇవాళ ఆ వరస చాలలేదు. నాకు మాట్లాడ్డం చేతకాదు. చదువు ఐదో తరగతి. కాగితం ఎదురు ప్రశ్న వెయ్యదు కాబట్టి దీని దగ్గర కాస్త ధైర్యం.

పొద్దున పోటు ఎక్కుతుండగా, కాన్పులు చేసే పురుడు పడవ మా గట్టుకి ఆనింది. నర్సు రూతమ్మ స్టీలు క్యారేజీ నా చేతిలో పెట్టింది.

"ఇదీ చిన్నదే బాబాయ్. సరిగ్గా సూడు," అంది.

మంచినీళ్ళతో కడిగాను. మనిషికి రోజుకి రెండు బిందెలే ఇస్తారు గాని మాయకని వేరే ఒక బిందె ఉంటుంది. నీరు ఓడ్చి, బొడ్డుతాడు కోసి కాటా మీద పెట్టాను. తరవాత తిరగేసి అరచేత్తో తడిమాను. మంచి మాయ మేక కాలేయం రంగులో ఉంటుంది. తడి స్పాంజిలా, ఎక్కడ నొక్కినా ఒకేలా ఉంటుంది. అరకిలోకి అటూ ఇటూ తూగుతుంది. ఇది పాలిపోయింది. అక్కడక్కడ తెల్ల మచ్చలు, వేలికి గట్టిగా తగులుతున్నాయి. కోస్తే కత్తి కింద గరగరమంది.

ఒక ముక్క మంచు పెట్టెలో పెట్టి డ్రోనుకి ఎక్కించాను. అది మెరక మీద ఉన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది. మిగిలింది గట్టుకి సముద్రం వైపు గుంట తీసి పాతాను. పైన మడ మొక్క నాటాను. పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక మడ. గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచేది ఆ వేళ్ళే.

వయసులో ఉండగా రొయ్యల హేచరీలో కాటా దగ్గర పని చేశాను. అందుకని ఈ పని నాకిచ్చారు. ఎవరి మాయ ఎలా ఉందో నా నోట్లోంచి బయటికి రాదని కూడా ఇచ్చారు. అందరికీ నేను కాటా తాతని.

సాయంత్రం కేంద్రం నుంచి జవాబు వచ్చింది. "212. గట్టు జ్వరం లేదు. బాగుంది." మా చిన్నప్పుడు గట్టు మీద సగం మందిని పట్టుకుపోయిన జ్వరం అది. అక్కడి మిషను దాన్నొక్కదాన్నే వెతుకుతుంది.

బాగుంటే గరగర ఎందుకు?

భాద్రపద బహుళ ద్వాదశి

213. మూడు వందల పది గ్రాములు. మగబిడ్డ. ఏడవలేదు.

ఏడవని బిడ్డకి మొక్క నాటే పద్ధతి లేదు. నాటాను. ఎవరూ అడగలేదు.

రూతమ్మ పడవ దిగి గట్టు మీద కూర్చుంది. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది.

"ఆ బాలింతకి ఏ రోగవూ లేదు బాబాయ్. ఉక్కుముక్కలా ఉంది. ఐదో నెల దాటాక రెండ్రోజులు ఒళ్ళు ఎచ్చబడింది, అంతే."

"212 తల్లికి?" అన్నాను.

"దానికీ అంతే. ముద్ద తిన్న నెలకి. బెల్లం ఏడి చేసిందిలే అనుకున్నాం."

ముద్ద సంగతి రాయాలి. గట్టు మీద ఏడాదికి పది కాన్పులైతే ఎక్కువ. అందుకని ఐదో నెల రాగానే గర్భిణికి ముద్ద పెడతారు. మూడేళ్ళలోపు పిల్లల్లో ఎవరి మాయ అందరికన్నా ఎక్కువ తూగిందో ఆ బిడ్డ ముద్దబిడ్డ. పాలన్నం, బెల్లం కలిపిన ముద్దని ముందు ఆ బిడ్డ కొరుకుతుంది. మిగిలిన ఎంగిలి గర్భిణి నోట్లో పెడతారు. అలా మూడు ముద్దలు. ఆ బిడ్డ బలం కడుపులో బిడ్డకి వస్తుందని నమ్మకం. ఎవరి మాయ బరువో చెప్పేది నేను. నలుగురిలో నేను నోరు తెరిచేది ఆ ఒక్క మాటకే.

ఇప్పటి ముద్దబిడ్డ జున్ను. గట్టు మీద ముద్దలు పెట్టించే అచ్చియమ్మ మనవరాలు. ఇరవై నెలల పిల్ల. దాని మాయ ఏడు వందల నలభై గ్రాములు. ఈ గట్టు మీద ఇంత బరువు ఎప్పుడూ లేదు. అచ్చియమ్మ ఆ నెల్లో నాకు మూడుసార్లు పులస ఇగురు పంపింది.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

రెండ్రోజులుగా పుస్తకం వెనక్కి తిప్పుతున్నాను.

జున్ను ముద్ద పెట్టడం మొదలయ్యాక పుట్టిన వాళ్ళు ఎనిమిది మంది. 206 నుంచి 213 దాకా. అందులో ఆరు మాయలు చిన్నవి, మచ్చలవి. రెండు బాగున్నాయి. ఆ రెంటిలో ఒకావిడ ఐదో నెల్లో పుట్టింటికి రెండో గట్టుకి వెళ్ళింది, ముద్ద తినలేదు. ఇంకొకావిడ తింది, అయినా ఏమీ కాలేదు. అందుకని గట్టిగా ఏమీ అనలేను.

హేచరీలో తల్లి రొయ్యని తీసుకునే ముందు దాని కాలి ముక్క కోసి పరీక్షకి పంపేవాళ్ళం. తల్లి నిగనిగలాడుతూ ఈదేది. లోపల వైరసు ఉంటే మాత్రం పిల్ల నాలుగో రోజుకి ట్యాంకు అడుక్కి చేరేది. తల్లిని చూసి నమ్మకూడదని మా మేస్త్రి రోజూ అరిచేవాడు.

తరవాత జున్ను వరస తీశాను. నంబరు 196. నా చేతిరాతే. "740. పాలిపోయింది. మెత్తన. నీరు ఎక్కువ."

కాటాకి కొందరు రొయ్యల్ని నీళ్ళలో నానబెట్టి తెచ్చేవాళ్ళు. తూకం బాగా వస్తుంది. నేను బుట్ట ఎత్తగానే చెప్పేవాణ్ణి, ఇది రొయ్య కాదు నీళ్ళు అని. ముప్పై ఏళ్ళు చెప్పాను. ఈ మాయ చేతిలో ఉన్నప్పుడు ముల్లు ఏడు వందల నలభై దాటడం చూసి మురిసిపోయాను. వాపుని బలమని చెప్పాను.

ఆశ్వయుజ బహుళ చవితి

కేంద్రానికి చీటీ పంపాను. "196, ఇంకా 206 నుంచి 213 ముక్కలు మళ్ళీ చూడండి. గట్టు జ్వరం కాదు, వేరే వైరసు. తల్లి రొయ్యకి చూసినట్టు చూడండి."

జవాబు వెంటనే వచ్చింది. "తాతగారూ, ఇక్కడ రొయ్యలకి పరీక్షలు చెయ్యం. ఇట్లు, డ్యూటీ డాక్టరు."

మళ్ళీ రాశాను. "రొయ్యలు కాదు. మనుషులు." దానికి జవాబు లేదు.

మధ్యాహ్నం తాయారు వచ్చింది. నా కూతురి కూతురు. తల్లి పోతే నా దగ్గరే పెరిగింది. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే మిషను దగ్గర పని చేస్తుంది. దానికి నాలుగో నెల వెళ్తోంది.

"తాతా, కార్తీక దశమికి నా ముద్ద. అచ్చియమ్మమ్మ ముహూర్తం పెట్టేసింది. ఆ చిరుగుల లుంగీతో వచ్చావంటే ఊరుకోను."

"ముద్ద వద్దు," అన్నాను.

"ఏం?"

"వద్దు."

"ఎందుకొద్దో సెప్పకుండా వద్దంటే ఎలా తాతా? నీ నోట్లోంచి మాట తియ్యాలంటే పంపుసెట్టు బిగించాల."

ఒకరి మాయ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ముప్పై ఏళ్ళు కాటా పట్టినందుకే కాదు, ఆ నమ్మకం మీద కూడా ఈ పుస్తకం నాకిచ్చారు. పైగా కేంద్రం నవ్విపోయింది. చివరికి "జున్ను" అని మాత్రం అనగలిగాను.

"ఎంత ముద్దొత్తాదో కదా! ఎత్తుకుంటే సాలు, భుజం అంతా జొల్లే," అని నవ్వుకుంటూ పోయింది.

కార్తీక శుద్ధ పంచమి

మూడు రోజులుగా తుఫాను గాలి. డ్రోన్లు ఎగరడం లేదు. నా రెండో చీటీకి జవాబు వచ్చే దారీ లేదు.

పొద్దున పోటు సైరను మోగింది. దగ్గరలో ఉన్న కుక్క లేచి పరుగెత్తింది. అచ్చియమ్మ అరుగు మీద జున్ను ఆల్చిప్పలతో ఆడుకుంటోంది. తల తిప్పలేదు. సైరను స్తంభం ఆ అరుగుకి పది అడుగులు.

ఆ పిల్లకి ఇంకా మాటలు రాలేదు. "కాటా తాత పోలిక" అని అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను ఇన్నాళ్ళూ.

కార్తీక శుద్ధ దశమి

రేకుల హాల్లో తాయారుని పీట మీద కూర్చోబెట్టారు. పసుపు చీర. అచ్చియమ్మ జున్నుని ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. డెబ్భై మంది ఉంటారు. నేను గోడ వారగా ఉన్నాను.

జున్ను మొదటి ముద్ద కొరికింది. అచ్చియమ్మ మిగిలింది ఎత్తి పట్టుకుంది.

లేచి నిలబడ్డాను.

"ఏం బావా, నీక్కూడా ఐదో నెలా? ముద్ద గావాలా?" అంది అచ్చియమ్మ. హాలంతా గొల్లుమంది.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఏ మాట ముందు, ఏది వెనక? వైరసు అనాలా, జున్ను అనాలా, నా తప్పు అనాలా?

కూర్చున్నాను.

తాయారు మూడు ముద్దలూ తింది.

కార్తీక పౌర్ణమి

గాలి తగ్గింది. డ్రోను వచ్చింది. రెండు పేజీల ఉత్తరం. మొదటి డాక్టరు కాదు, వేరే ఆవిడ రాసింది.

పెద్ద పోటు కాబట్టి జనం అంతా హాల్లోనే ఉన్నారు. ఈసారి గోడ వారగా నిలబడలేదు. మధ్యకి వెళ్ళాను. మాటలు నావి కాకపోతే కాస్త తేలిక. చదివాను.

"తాతగారూ, మీరు చెప్పిన తొమ్మిది ముక్కలూ చూశాం. 196తో కలిపి ఏడింటిలో వైరసు ఉంది. పసిపిల్లల ఉమ్ములో ఏళ్ళ తరబడి ఉండే రకం. మామూలు మనుషులకి సోకినా తెలియదు. గర్భిణికి సోకితే చిన్న జ్వరంతో పోతుంది గాని మాయలో చేరుతుంది. మాయ కొందరిలో వాచి నీరు పడుతుంది. కొందరిలో ఎండి మచ్చలు కడుతుంది. బిడ్డకి రక్తం చాలదు. మాయ దాటి బిడ్డకి చేరితే చెవులు, కళ్ళు దెబ్బతినవచ్చు. ఎంగిలి ముద్ద ఆపించండి. 196 బిడ్డకి చెవులు పరీక్ష చేయించండి. రొయ్యల మాటకి మా వాళ్ళని క్షమించండి."

ముద్దబిడ్డ నంబరు హాల్లో అందరికీ తెలుసు. అచ్చియమ్మ లేచింది.

"డెబ్భై నాలుగేళ్ళకి నోరు లేచిందా బావా? లేచి లేచి నా మనవరాలి మీదా? దాని ఎంగిలి విషవంటావా?"

"పిల్ల తప్పు కాదు."

"మరెవరిది? ఏడొందల నలభై అని ఈ హాల్లోనే సెప్పిందెవరు? ఆ కాటా ఎవరిది?"

"నాది. అది బరువు కాదు. నీరు. నేను చూసి కూడా చెప్పలేదు."

ఇంత పొడుగు మాట నేను నలుగురిలో ఎప్పుడూ అనలేదు.

రూతమ్మ జున్ను వెనక్కి వెళ్ళింది. స్టీలు పళ్ళెం తీసి గరిటెతో గట్టిగా కొట్టింది. హాల్లో పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. జున్ను నాయనమ్మ కొంగు అంచు నములుతూ అలాగే ఉంది.

రూతమ్మ ఇంకోసారి కొట్టింది.

అచ్చియమ్మ కింద కూర్చుండిపోయింది. పిల్లని గుండెలకి హత్తుకుంది.

"మాట రాకపోతే నీ పోలికనుకున్నాను బావా," అంది. అరవడం లేదు ఇప్పుడు. "సిగ్గు అనుకున్నాను."

నేను బయటికి వచ్చేశాను. తాయారు వెనకే వచ్చింది.

"దశమినాడు నువ్వు లేచావు తాతా. నేను సూశాను."

"లేచాను."

"అప్పటికే తెలుసా నీకు?"

తల ఊపాను.

"మరెందుకు కూకున్నావ్?"

చెప్పగలిగితే ఆ రోజే చెప్పేవాణ్ణి. అది లోపలికి వెళ్ళిపోయింది.

మార్గశిర బహుళ పాడ్యమి

తాయారుకి పోయిన వారం రెండ్రోజులు ఒళ్ళు వెచ్చబడింది. రూతమ్మ రక్తం తీసి పంపింది. వైరసు ఉంది.

కేంద్రం మాత్రలు పంపింది. రోజుకి నాలుగు సార్లు. పని చేస్తాయని ఖాయంగా చెప్పలేమని కూడా రాసింది. వాటిని నేనే తీసుకెళ్తున్నాను. తాయారు చెయ్యి చాపుతుంది. మింగుతుంది. గ్లాసు నాకిస్తుంది. మాట్లాడదు.

నాకు మౌనం అలవాటే. దానికి కాదు. పెదాలు బిగించుకుని కూర్చోవడం దానికెంత కష్టమో మొహంలో తెలిసిపోతోంది.

పుష్య శుద్ధ ఏకాదశి

ముద్ద ఆగిపోయింది. ఆపింది నేను కాదు, అచ్చియమ్మ. కడుపుతో ఉన్న ప్రతి ఇంటికీ తనే వెళ్ళి చెప్పింది. పిల్లల మూతి తుడిస్తే చేతులు కడుక్కోండి, ఎంగిలి తినకండి, మూతి మీద ముద్దులాడకండి అని. జున్నుని చంకనేసుకునే తిరిగింది. ఒకావిడ జున్నుని చూసి తలుపు సగం మూసింది. "పిల్లని సూసి కాదే, పళ్ళెం సూసి భయపడు. ఎత్తుకుని సేతులు కడుక్కుంటే ఏవీ కాదు," అని ఆవిడ చేతిలోనే పెట్టింది పిల్లని.

జున్నుకి చెవి మిషను వచ్చింది. కొంచెమే వినిపిస్తుందట. చేతులతో మాట్లాడడం నేర్పమన్నారు. అచ్చియమ్మ నేర్చుకుంటోంది. నన్నూ రమ్మంది.

"నోటితో ఎలాగూ రాలేదు, సేతుల్తోనైనా మాట్టాడు," అంది.

నీళ్ళు, అన్నం, పడవ, తాత. ఇవాళ నాలుగు నేర్చుకున్నాను.

తాయారు కడుపు ఆరో నెల కొలతలోనే ఆగిందని రూతమ్మ చెప్పింది. దానికి ఏడో నెల వెళ్తోంది.

మాఘ బహుళ సప్తమి

214. మూడు వందల ముప్పై గ్రాములు. ఆడపిల్ల, కిలో ఎనిమిది వందల యాభై. ఎనిమిదో నెల. ఏడ్చింది.

రూతమ్మ క్యారేజీ చేతికిచ్చింది. నేను కడిగాను. తూచాను. సగానికి పైగా మచ్చలే. కత్తి ఆనించాను గాని కొయ్యలేకపోయాను. క్యారేజీ పట్టుకుని పడవలోకి వెళ్ళాను.

తల్లికి మాయ చూపించరు. మా పద్ధతి కాదు. తాయారు పడుకుని ఉంది. పాప దాని పక్కన, దూది గుడ్డల్లో, పిడికిలంత మొహంతో.

"ఏంటది?" అంది. మూడు నెలల తరవాత నాతో మొదటి మాట.

"నీ మాయ. చూస్తావా?"

మోచేతి మీద లేచింది. మూత తీశాను. అరచేతిలోకి తీసి పడవ కిటికీ దగ్గర వెలుగులో పట్టాను. తెల్లగా గట్టిపడ్డవి వేలితో చూపించాను. అవి వైరసు చేరిన చోట్లు అని చెప్పాను. ఎర్రగా మిగిలిన చోటు చూపించాను. పాప ఇన్నాళ్ళూ దీని మీదే బతికింది అని చెప్పాను.

తాయారు వేలు పెట్టి ఒక మచ్చని తాకింది.

"గట్టిగా ఉంది."

"ఊఁ."

"ఇదంతా ఇక్కడ ఆగిందా, దానిక్కూడా ఎల్లిందా?"

"ఎంత ఆగిందో తెలీదు."

అది ఇంకో మచ్చ మీద వేలు పెట్టింది.

"ఆ రోజు నవ్వుతారని భయపడ్డాను," అన్నాను. "అందుకే కూర్చున్నాను. వేరే కారణం లేదు."

అది వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నేను మూత పెట్టుకుని వచ్చేశాను. ముక్క కోసి పంపాను. మిగిలింది పాతి మొక్క నాటాను.

ఫాల్గుణ శుద్ధ త్రయోదశి

పాప రెండు కిలోల రెండు వందలు. పాలు బాగా తాగుతోంది. కళ్ళు బాగున్నాయని కేంద్రం చెప్పింది. వైరసు మాత్రం పాప ఉచ్చలో కనిపించింది. మాయ అంతా ఆపలేకపోయింది.

ఇవాళ రూతమ్మ చెవులు పరీక్షించే మిషను తెచ్చింది. పాప నిద్రపోతుండగా రెండు చెవుల్లో చిన్న బిరడాలు పెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి రమ్మని తాయారు అనలేదు. పొమ్మనీ అనలేదు.

మిషను మీద రెండు గీతలు. కుడి చెవి గీత లేచింది. ఎడమది పడుకునే ఉంది. రూతమ్మ బిరడా సర్ది మళ్ళీ చూసింది. మూడోసారీ చూసింది.

"కుడిది బాగా వినిపిత్తాది," అంది. "ఎడంది లేదమ్మా. కుడిదాన్ని ఆర్నెల్లకోసారి సూసుకోవాల. ముందు ముందు తగ్గొచ్చు."

రూతమ్మ వైర్లు చుట్టుకుంటోంది. తాయారు పాప ఎడమ చెవిని చూపుడు వేలితో రాస్తూ కూర్చుంది. తల ఎత్తి నా వైపు చూసింది.

"ఒక చెవి సాలులే తాతా. నువ్వు మాట్టాడేది రెండు ముక్కలేగా."

రూతమ్మ వైర్లు చుట్టడం ఆపేసింది. గుమ్మం పట్టుకున్నాను.

"రా," అంది తాయారు. "ఇలా కూకో."

కూర్చున్నాను. పాపని తెచ్చి, కుడి చెవి పైకి ఉండేలా నా ఒళ్ళో పడుకోబెట్టింది.

మాట్లాడ్డం మొదలుపెట్టాను.